చేప వేయించని చేపల కొట్టు

మా వీధి మలుపులో ఎథరింగ్టన్ వాళ్ళ చేపల కొట్టు ఉండేది. ఇంగ్లండులోని హల్ రేవు ఊళ్ళో హెజిల్ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న ప్రతి వీధికీ అలాంటి కొట్టు ఒకటి ఉండేది. అయినా మా దృష్టిలో అది ఒక్కటే కొట్టు. పక్కవీధి వాళ్ళ కొట్లో చేప తిన్నామంటే ఇంట్లో అమ్మ మూతి ముడుచుకునేది, ఏదో పరాయివాళ్ళ పెళ్ళికి పిలవకుండా వెళ్ళొచ్చినట్టు.

మధ్యాహ్నం కాకముందే విల్ఫ్ అంకుల్ పొయ్యి వెలిగించేవాడు. పెద్ద మూకుళ్ళలో పశువుల కొవ్వు కరిగే వాసన వీధి చివరిదాకా వచ్చేది. కాసేపటికి కిటికీ అద్దాలన్నీ ఆవిరి పట్టేవి. మేం పిల్లలం వాటి మీద వేళ్ళతో బొమ్మలు గీసేవాళ్ళం. లోపల తెల్లటి పలకల గోడ, ఆ గోడకి ఎప్పుడూ ఒక జిడ్డు మెరుపు. కౌంటరు వెనక నోరా ఆంటీ. ముప్పై ఏళ్ళుగా ఎరిగినవాళ్ళని కూడా ఆమె ప్రతిసారీ అడిగేది: "ఉప్పూ వెనిగరూ వెయ్యనా తల్లీ?" వద్దన్నవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

మూకుట్లో చేప వేగుతుంటే పిండి చిన్న చిన్న పలుకులుగా రాలి పైకి తేలుతుంది. వాటిని చిల్లుల గరిటెతో దేవి ఒక పళ్ళెంలో పోసి ఉంచేవాళ్ళు. పిల్లలకి అవి ఊరికే ఇచ్చేవాళ్ళు.

"నోరా ఆంటీ, పలుకులున్నాయా?" అని అడిగాను ఒకసారి.

"పలుకులున్నాయే హేజల్, నీకు పళ్ళున్నాయా?" అంది. అప్పుడు నాకు ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. కాగితం పొట్లం నిండా పలుకులు పోసి, పైన రెండు వేడి, లావుపాటి దుంప చిప్స్ కూడా పెట్టి ఇచ్చింది.

విల్ఫ్ అంకుల్‌కి కుడిచేతికి మూడు వేళ్ళే. వయసులో ఉన్నప్పుడు ఐస్‌లాండ్ వైపు వెళ్ళే చేపల ఓడల్లో పనిచేశాడు. వల లాగే ఇనుప తాడు ఒకరోజు రెండు వేళ్ళు పట్టుకుపోయింది. తర్వాత సముద్రం మానేసి ఈ కొట్టు పెట్టాడు. ఆ మూడు వేళ్ళతోనే చేపని తోక పట్టుకుని పిండిలో ముంచి, మూకుడు అంచున ఒకసారి జాడించి, చుక్క చిందకుండా వదిలేవాడు. చేతులు ఆ పని చేస్తుంటే నోరు కథలు చెప్పేది.

"ఒకసారి మా కెప్టెన్ కట్టుడుపళ్ళు సముద్రంలో పడిపోయాయి. తుమ్మాడు, పోయాయి. మర్నాడు వల లాగాం కదా..."

"ఆ పళ్ళతోనే నవ్వుతూ వచ్చిందా ఏమిటి చేప?" అనేవారు వరసలోంచి ఎవరో.

"నవ్వలేదమ్మా. కెప్టెన్‌ని చూసి తిట్టింది."

శుక్రవారం సాయంత్రాలు వరస వీధిలోకి సాగేది. ఆలస్యమైనా ఎవరికీ విసుగుండేది కాదు. విల్ఫ్ అంకుల్ కథల్లో గాలి ఊళ పెట్టేది, మంచు గడ్డలు పెళపెళా రాలేవి, కెరటాలు మా ఇళ్ళంత ఎత్తు లేచేవి. కానీ ఆ కథల్లో ఎవరికీ ఎప్పుడూ భయం వేసేది కాదు.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు డెనిస్. కొట్టు వెనక పెరట్లో బంగాళాదుంపలు చెక్కు తీసి, కోసి, బకెట్ల నీళ్ళలో వేసేవాడు. మధ్య తలుపు ఎప్పుడూ ఓరగా తీసి ఉంచుకునేవాడు, తండ్రి మాటలు వినపడాలని. అతనితో చదువుకున్న కుర్రాళ్ళంతా బడి మానిన ఏడే ఓడలెక్కారు. మూడు వారాలు సముద్రంలో, మూడు రోజులు ఇంట్లో. ఆ మూడు రోజులూ వాళ్ళు మహారాజులు. లేత నీలం సూట్లు, వెడల్పాటి పంట్లాలు, రోజంతా వెంట తిరిగే టాక్సీ. కొట్లోకి వచ్చి డెనిస్‌ని చూసి, "ఏరా దుంపా, ఇవాళ ఎన్ని బకెట్లు జయించావు?" అనేవాళ్ళు. డెనిస్ నవ్వేసేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

మా అక్క మౌరీన్ శుక్ర, శనివారాలు ఆ కొట్లో పొట్లాలు కట్టేది. డెనిస్ బకెట్ పెట్టడానికి లోపలికి వచ్చినప్పుడల్లా అక్క కట్టే పొట్లం వంకరపోయేది. అది ముందుగా కనిపెట్టింది నోరా ఆంటీయే. "ఇద్దరిలో ఎవరో ఒకళ్ళు బయటికి పోండి, కాగితాలన్నీ పాడవుతున్నాయి," అనేది. అనేటప్పుడు ఆమె మొహం వెలిగిపోతుండేది.

డెనిస్ ఓడ ఎక్కుతున్నానని చెప్పిన సాయంత్రం నేను అమ్మతో వరసలో ఉన్నాను. పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అందరి ముందే చెప్పాడు. అందరి ముందైతే తండ్రి కేకలెయ్యడనుకున్నాడేమో.

"నాన్నా, సంతకం పెట్టేశాను. సోమవారం వెళ్తున్నా."

"ఏ ఓడ?" తల తిప్పకుండానే అడిగాడు విల్ఫ్ అంకుల్.

"హంబర్ గ్రేస్."

"ఎవణ్ణి అడిగి పెట్టావు సంతకం?"

"నువ్వు ఎవణ్ణి అడిగి పెట్టావు?"

విల్ఫ్ అంకుల్ చేతిలో చేప పిండి కారుస్తూ ఆగిపోయింది. "ఈ కొట్టు ఎవరి కోసం పెట్టానురా? ఇన్నేళ్ళుగా ఈ కొవ్వులో పడి ఎవరి కోసం ఉడుకుతున్నాను?"

"ఏమో నాన్నా. రోజూ నువ్వు చెప్పేవి వింటుంటే, నీకు ఇక్కడుండటమే ఇష్టం లేదనిపిస్తుంది. అక్కడ అంత బాగుంటే నేనెందుకు చూడకూడదు?"

నోరా ఆంటీ చేతిలో వెనిగర్ సీసా అలాగే ఉంది. విల్ఫ్ అంకుల్ మొహం కందిపోయింది.

"పో. పోయి చూడు. రెండు ట్రిప్పులు తిరక్కుండానే అమ్మా అని ఏడ్చుకుంటూ రాకపోతే నన్నడుగు. వచ్చినా సరే, మళ్ళీ ఈ కొట్లో కత్తి నీ చేతికివ్వను. విన్నావా?"

"విన్నాను," అన్నాడు డెనిస్. అప్రాన్ విప్పి మేకుకి తగిలించి, పెరటి తలుపు గుండా వెళ్ళిపోయాడు.

అయితే రెండు ట్రిప్పులైనా డెనిస్ ఏడుస్తూ రాలేదు. లేత నీలం సూటు కుట్టించుకున్నాడు. టాక్సీ దిగి కొట్లోకి వచ్చి, వరసలో వాళ్ళందరికీ చేపలు ఇప్పించాడు. విల్ఫ్ అంకుల్ కోపం ఎంతోకాలం నిలవలేదు. డెనిస్ సముద్రంలో ఉన్నప్పుడు, "మావాడు ఇప్పుడు నార్వే దాటి ఉంటాడు," అని అడగనివాళ్ళకి కూడా చెప్పేవాడు. వచ్చిన రోజున మూకుట్లో అన్నిటికంటే పెద్ద హాడక్ చేప వేసి, "ఇది నువ్వు పట్టిందేనేమోరా, రుచి చూడు," అనేవాడు. తండ్రీకొడుకులు పక్కపక్కన నిలబడి ఓడల గురించి మాట్లాడుకుంటుంటే వరసలో మగవాళ్ళంతా చుట్టూ చేరేవాళ్ళు.

అప్పుడు నేను చిన్నదాన్ని. నాకు డెనిస్ చేతులే వింతగా ఉండేవి. ఉప్పునీళ్ళకి, చలికి వాచి, వేళ్ళ కణుపుల దగ్గర పగుళ్ళు విచ్చి ఎర్రగా ఉండేవి. ఎవరైనా చూస్తే కోటు జేబుల్లో పెట్టేసుకునేవాడు. అక్క రాత్రిపూట వాటికి లేపనం రాస్తానంటే, "వద్దులే, మొద్దుబారిపోయాయి," అనేవాడు.

క్రిస్మస్‌కి అక్కకి ఉంగరం తొడిగాడు. కొత్త సంవత్సరం వచ్చిన వారానికి మళ్ళీ ఓడెక్కాడు.

మావైపు ఆడవాళ్ళు ఓడ బయల్దేరిన రోజు బట్టలుతకరు. ఉతికితే మనిషిని నీళ్ళలో కలిపేసినట్టేనని. రేవుకి వెళ్ళి సాగనంపరు. చెయ్యి ఊపరు. వెళ్ళొస్తానన్న మాట ఎవరూ అనరు, అననివ్వరు. నోరా ఆంటీ ఆ రోజు తలుపుకి వీపు పెట్టి కాగితాలు మడుస్తూ కూర్చుంది. డెనిస్ సంచీ భుజాన వేసుకుని, "సరే మరి," అన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు. అది ప్రేమే. మా వీధిలో అందరికీ అది ప్రేమేనని తెలుసు.

మా నాన్న రేవులో ఓడల నుంచి చేపలు దించే పని చేసేవాడు. నెలాఖరున ఒకరోజు పని నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు. "హంబర్ గ్రేస్ రేడియోకి పలకటం లేదట," అన్నాడు అమ్మతో మెల్లగా. మెల్లగా అన్నా అక్కకి వినపడింది. ఆ రోజు నుంచి అక్క, నోరా ఆంటీ ఓడల కంపెనీ ఆఫీసు ముందు చలిలో నిలబడేవాళ్ళు, ఇంకా చాలామంది ఆడవాళ్ళతో కలిసి. లోపలినుంచి ఎవరు బయటికొచ్చినా అందరూ ఒక్కసారి అటు తిరిగేవాళ్ళు. ఏ కబురూ లేదనేవాళ్ళు. కబురు లేకపోవటమే మంచి కబురని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని ఇంటికొచ్చేవాళ్ళు.

విల్ఫ్ అంకుల్ కొట్టు మూయలేదు. మూస్తే ఏదో ఒప్పేసుకున్నట్టవుతుందని భయం.

ఆ గురువారం మధ్యాహ్నం బడి భోజనాల వేళ నేను గిన్నె పట్టుకుని అమ్మతో వరసలో ఉన్నాను. నోరా ఆంటీ కౌంటరులో ఉంది. కిటికీ ఆవిరి వెనక ఒక నల్లకోటు ఆగింది. ఓడలవాళ్ళ చావు కబుర్లు చెప్పటానికి జాలరుల మిషన్ నుంచి వచ్చే పెద్దాయన. ఆయన వీధిలో నడుస్తుంటే ఇళ్ళలో ఆడవాళ్ళు తెరలు వేసుకుని, తమ గుమ్మం దాటిపోవాలని ఊపిరి బిగబట్టుకునేవాళ్ళు. ఆయన తలుపు తోసి, టోపీ తీశాడు. మేమంతా పక్కకి తప్పుకున్నాం.

విల్ఫ్ అంకుల్ ఆయన్ని చూశాడు. చూసి, మూకుడు వైపు తిరిగాడు.

"వేగుతున్నాయి సార్. ఇవి తీసేదాకా ఆగండి."

ఆయన ఆగాడు. విల్ఫ్ అంకుల్ జల్లెడ బుట్ట కదుపుతూనే ఉన్నాడు. చిప్స్ బంగారు రంగు తిరిగాయి, ఎర్రబడ్డాయి, నల్లబడ్డాయి. పొగ లేచింది. తీస్తే ఆ మాట వినాలి. అందుకని తీయటం లేదు. చివరికి మా అమ్మ కౌంటరు చుట్టూ వెళ్ళి గ్యాస్ కట్టేసింది.

ఆ పెద్దాయన నోరా ఆంటీకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆమె ఆయన మొహంలోకి చూస్తూ, "ఉప్పూ వెనిగరూ వెయ్యనా?" అంది.

ఏమంటోందో ఆమెకే తెలియలేదు. ఆయన కౌంటరు మీదుగా ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఐస్‌లాండ్‌కి ఉత్తరాన తుఫానులో మంచు పేరుకుని, ఆ బరువుకి ఓడ పక్కకి ఒరిగి బోల్తాపడిందని తర్వాత తెలిసింది. ఒక్కరూ మిగల్లేదు. ఒక్కరి శవమూ దొరకలేదు. చర్చిలో ప్రార్థన జరిగింది. సమాధి లేదు కాబట్టి పూలు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియక, కొందరు తెచ్చిన పూలు తిరిగి ఇళ్ళకే పట్టుకెళ్ళారు.

ఆ రోజు మూసిన కొట్టుని కొన్ని వారాల తర్వాత మళ్ళీ తెరిచారు. మొదటిరోజు వీధంతా వచ్చింది. అమ్మా నేనూ అందరికంటే ముందున్నాం. అక్క కాగితాలు సర్దుతోంది. విల్ఫ్ అంకుల్ ట్రేలోంచి ఒక హాడక్ తీసి పిండిలో ముంచబోయాడు. అప్పుడు నోరా ఆంటీ మేడమెట్లు దిగి వచ్చింది. మనిషి సగమైపోయింది.

"విల్ఫ్, అది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆయనకి అర్థం కాలేదు. "రేవు నుంచే నోరా. పొద్దున తెచ్చాను."

"రేవుకి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఐస్‌లాండ్ నుంచి."

"ఏం తిని పెరిగింది?"

విల్ఫ్ అంకుల్ చేతిలోని చేప వైపు చూసుకున్నాడు. చూసి, దాన్ని చిన్నపిల్లని పడుకోబెట్టినట్టు ట్రేలో పెట్టాడు.

"నీ కథలే మింగాయి వాణ్ణి," అంది నోరా ఆంటీ. గొంతు పెంచలేదు. "ఇరవయ్యేళ్ళు ఆ తలుపు పక్కన కూర్చోబెట్టి, చెవిలో పోశావు." మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మా అమ్మ గిన్నె ముందుకు జరిపింది. "విల్ఫ్, నాకు చిప్స్ చాలు. రెండు ప్యాటీలు వెయ్యి," అంది. ప్యాటీ అంటే ఉడికించిన బంగాళాదుంపలో సేజ్ ఆకు కలిపి, పిండిలో ముంచి వేయించేది. అమ్మ వెనకున్నావిడ కూడా, "నాకూ ప్యాటీలే," అంది. ఆ వెనకావిడా అంతే. ఆ రోజు వరస చివరిదాకా ఎవరూ చేప అడగలేదు. ఆ తర్వాత ఆ కొట్లో చేప వేగలేదు.

ఒకసారి ఊరికి కొత్తైన లారీ డ్రైవరు ఒకడు వచ్చి, "చేప లేదా? పైన బోర్డు మీద ఇంత చేప బొమ్మ వేసుకుని లోపల చేప లేదా?" అని నవ్వాడు.

"బోర్డు మీద ఉన్నదాన్నే తిను," అంది ఒకావిడ. ఎవరూ నవ్వలేదు. ఇంకొకావిడ అతన్ని మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి ఏదో చెప్పింది. అతను మళ్ళీ లోపలికి వచ్చి, టోపీ తీసి, చిప్స్ తీసుకుని తలవంచుకుని వెళ్ళిపోయాడు.

విల్ఫ్ అంకుల్ కథలు ఆగిపోయాయి. కొట్లో కొవ్వు కాగే చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. నోరా ఆంటీ మేడ మీదే ఉండేది. భార్యాభర్తల మధ్య మాటలు కూడా గ్యాస్ బిల్లు, పాలసీసా లాంటి వాటి వరకే మిగిలాయి. వీధి ఎంత మంచిదైనా, మనుషులకి చేప తినాలనిపిస్తుంది కదా. హెజిల్ రోడ్డు మీద రంగురంగుల దీపాలతో కొత్త కొట్టు ఒకటి వెలిసింది. మొదట్లో చాటుగా, తర్వాత మామూలుగా అందరూ అటు నడిచారు. మా అమ్మ చిప్స్ మాత్రం విల్ఫ్ అంకుల్ దగ్గరే కొనేది. చేప అక్కడ కొని, ఈ కొట్టు ముందునుంచి వచ్చేటప్పుడు పొట్లం కోటు లోపల దాచుకునేది. ఇంటికొచ్చి కోటు విప్పితే జాకెట్టుకి జిడ్డు మరక.

నాలుగేళ్ళు గడిచాయి. అక్కని లెన్ అనే అతను అడిగాడు. సిటీ బస్సు నడిపేవాడు, నెమ్మదైన మనిషి. అక్క ఒప్పుకుంది. ఒప్పుకున్న దగ్గర్నుంచి నిద్రపోలేదు. "నోరా ఆంటీకి ఎలా చెప్పను?" అని ఒకటే మాట. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను తోడు తీసుకుని వెళ్ళింది. విల్ఫ్ అంకుల్ కింద పెరట్లో దుంపలు కడుగుతున్నాడు.

మేడ మీద గదిలో కిటికీ దగ్గర నోరా ఆంటీ కూర్చుని ఉంది. అక్క చెప్పింది.

"ఏం చేస్తాడు?"

"బస్సు నడుపుతాడు ఆంటీ."

"రోజూ ఇంటికొస్తాడా?"

"వస్తాడు."

"అయితే చేసుకో తల్లీ. ఆలస్యం చెయ్యకు." అక్క తల మీద చెయ్యి వేసింది. అక్క ఏడ్చేసింది. నోరా ఆంటీ ఏడవనిచ్చి, తర్వాత అడిగింది: "ఒక్క మాట చెప్పు. నాలుగేళ్ళుగా అడుగుదామని, నోరు రాక ఊరుకున్నాను. వెళ్ళే ముందు రోజు వాడు నీతోనే ఉన్నాడు కదా. ఏమన్నాడు?"

అక్క బిగుసుకుపోయింది. "ఏమీ లేదాంటీ. మామూలు మాటలే."

"మౌరీన్."

అక్క నా వైపు చూసింది, తలుపు వైపు చూసింది. అప్పుడు చెప్పింది. నేనూ అదే మొదటిసారి వినటం. డెనిస్‌కి సముద్రమంటే వణుకట. మొదటి ట్రిప్పు నుంచే. డెక్ మీద మంచు కొడుతుంటే కాళ్ళు కదిలేవి కావట. ఆ ముందురోజు అక్క ఒళ్ళో తలపెట్టి, ఇదే ఆఖరి ట్రిప్పు, తిరిగొచ్చి కొట్లోనే ఉంటానన్నాడట. "అసలు అప్పుడే మానెయ్యమన్నాను ఆంటీ. 'అమ్మకి చెబితే ఎగిరి గంతేస్తుంది, నాన్నకి చెప్పటానికే మొహం చెల్లటం లేదు. ఈ ఒక్కసారి వెళ్ళొచ్చి చెబుతా' అన్నాడు. కత్తి ఇవ్వనన్న ఆ మాటే పట్టుకుపోయింది అతన్ని."

నోరా ఆంటీ కేకపెడుతుందనుకున్నాను. కిందికి పరుగెత్తి విల్ఫ్ అంకుల్‌ని చీల్చేస్తుందనుకున్నాను. ఆమె తన రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటి వైపే చూస్తూ కూర్చుంది.

"వీడూ అంతేనా," అంది చివరికి.

"ఏంటాంటీ?"

"వాళ్ళ నాన్నా అంతే. పెళ్ళైన కొత్తలో సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ నిద్రలో కేకలు పెట్టేవాడు. దుప్పటి నోట్లో కుక్కుకునేవాడు, పక్కింటివాళ్ళకి వినపడకుండా. వేళ్ళు పోయినప్పుడు ఆసుపత్రికి వెళ్ళాను. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? 'హమ్మయ్య నోరా, ఇంక వెళ్ళక్కర్లేదు' అన్నాడు. రెండు వేళ్ళు పోయిన మనిషి నవ్వుతూ అన్నాడు." ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఆ మాట డెనిస్‌కి నేను చెప్పలేదు. కథలు చెబుతుంటే పక్కనే నిలబడి నవ్వాను. మొగుడి పరువనుకున్నాను. ఒక్కసారి చెప్పుంటే..."

కిందనుంచి బకెట్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఆయనకి చెప్పకండి," అంది మా ఇద్దరి చేతులూ పట్టుకుని. "కత్తి ఇవ్వనన్న మాట ఆయనకి రోజూ గుర్తే. నాకు తెలుసు. దాని మీద ఇది కూడా పెడితే మనిషి బతకడు. నేను పోయాక కూడా చెప్పకండి. హేజల్, నువ్వు కూడా."

తర్వాత లేచి మొహం కడుక్కుని, మాతోపాటు మెట్లు దిగింది. పెరట్లోకి వెళ్ళి విల్ఫ్ అంకుల్ పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. "ఇటివ్వు, నేను కోస్తాను. నీ చేతులు గడ్డకట్టి ఉన్నాయి," అంది. ఆయన కత్తి అందించి, ఆమె మొహంలోకి భయంభయంగా చూశాడు. ఏం జరిగిందో ఆయనకి తెలియలేదు. ఎప్పటికీ తెలియలేదు. ఆ రోజు నుంచి మళ్ళీ ఇద్దరూ కలిసి టీ తాగటం చూశాం.

కార్పొరేషన్‌వాళ్ళు మా వీధులు కూలగొట్టటానికి వచ్చేసరికి నేను ఉద్యోగంలో చేరాను. ఇళ్ళు పాతబడ్డాయి, తేమ పట్టాయి, ఊరి చివర కొత్త ఫ్లాట్లు ఇస్తామన్నారు. అందరూ వెళ్ళారు. ఎథరింగ్టన్ వాళ్ళే చివరిదాకా ఉన్నారు. అప్పటికే పక్క ఇళ్ళకి కప్పులు లేవు. నేను చూడ్డానికి వెళ్తే, నోరా ఆంటీ గుమ్మంలో నిలబడి గోడ మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

"వాడు రాడని నాకు తెలుసే. అందరూ నాకు పిచ్చెక్కిందనుకుంటున్నారు, అది కాదు," అంది. "తక్కినవాళ్ళకి సమాధి ఉంటుంది, వెళ్ళి కూర్చుంటారు. నాకున్నది ఈ పెరడే. వాడు కూర్చున్న చోటు. దీన్ని కూడా తీసేస్తే నేనెక్కడికెళ్ళి కూర్చోను?"

ఆఖరి శుక్రవారం, కొత్త కొట్టుకి అలవాటు పడ్డవాళ్ళతో సహా, ఫ్లాట్ల నుంచి బస్సులెక్కి మరీ వచ్చారు పాతవాళ్ళంతా. సగం కూలిన వీధిలో ఇటుకల కుప్పల పక్కన వరస కట్టారు. చిప్స్, ప్యాటీలు. అమ్మ పొట్లం తీసుకుని అక్కడే నిలబడి, కన్నీళ్ళు తుడుచుకోకుండా తింది. నాలుగింటికల్లా దుంపలు అయిపోయాయి. విల్ఫ్ అంకుల్ గ్యాస్ కట్టేశాడు. పెరటి గోడని మర్నాడు ఒక యంత్రం ఒక్క పోటుతో పడగొట్టిందని నాన్న చెప్పాడు.

వాళ్ళకిచ్చిన కొత్త ఫ్లాటు ఐదో అంతస్తు. అక్కడికి రేవు వాసన రాదు. నోరా ఆంటీ రెండో ఏడు తిరక్కుండా పోయింది. గుండె అన్నారు డాక్టర్లు.

ఆ తర్వాత నేను ఆదివారాలు విల్ఫ్ అంకుల్ దగ్గరికి వెళ్ళేదాన్ని. ప్యాటీ, చిప్స్ పట్టుకెళ్ళేదాన్ని. ఆయన వాటిని విరిచి చూసి, "కొవ్వు సరిగ్గా కాగలేదు," అనేవాడు. అంతకుమించి మాటలుండేవి కావు. ఒకరోజు వాన పడుతోంది. ఆయన తినటం ఆపి కిటికీలోంచి చూస్తూ అన్నాడు:

"నాకు భయమేసేది హేజల్."

"దేనికి అంకుల్?"

"సముద్రమంటే. ఎప్పుడూ భయమే. ఆ కథలన్నీ... నవ్వొచ్చేవి మాత్రమే ఏరుకుని చెప్పేవాణ్ణి. అందరూ చుట్టూ చేరేవాళ్ళు కదా, అది బాగుండేది. నోరాకి ఒక్కదానికే తెలుసు. పాపం, ఎవరితో అనలేదు." మూడు వేళ్ళతో మోకాలు రుద్దుకున్నాడు. "డెనిస్‌కి భయమేసి ఉంటుందా? మీ అక్కతో ఎప్పుడైనా ఏమైనా అన్నాడా? వాడికి భయమేసి, నా మాటకి జడిసి చెప్పలేక... అలా ఏమైనా ఉందా?"

ఆయన నా కళ్ళలోకి చూడటం లేదు. నా చేతుల వైపు చూస్తున్నాడు. నోరా ఆంటీ మా చేతులు పట్టుకున్న మధ్యాహ్నం నాకు కళ్ళకి కట్టింది.

"లేదంకుల్," అన్నాను. "సంతోషంగానే వెళ్ళాడని అక్క చెప్పేది."

ఆయన తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"మంచిది," అన్నాడు. "అయితే వాడికి నా పోలిక రాలేదన్నమాట."

భుజాలు కిందికి దిగాయి. ఊరట పడ్డాడో, కొడుకు ఇంకాస్త దూరమైపోయాడో నాకు అర్థం కాలేదు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అచ్చం నీ పోలికే అంకుల్, నీలాగే వణికాడు, నీ దగ్గరికే తిరిగి రావాలనుకున్నాడు అని చెప్పాలనిపించింది. చెబితే ఆ రాత్రి ఆయన ఎలా గడుపుతాడో తలుచుకుని ఊరుకున్నాను.

"చల్లారిపోతున్నాయి, తిను," అన్నాడాయన, పొట్లం నా వైపు జరుపుతూ.

ఆ శీతాకాలమే ఆయనా పోయాడు. అక్కా లెన్ కలిసి నోరా ఆంటీ పక్కనే సమాధి చేయించి, రాయి మీద ముగ్గురి పేర్లూ చెక్కించారు. డెనిస్ పేరు చెక్కేటప్పుడు శిల్పి, ఇక్కడ ఇద్దరే కదా ఉన్నారని అడిగాడట. చెక్కవయ్యా అంది అక్క. రాయి నిలబెట్టిన రోజు అక్క దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, డెనిస్ పేరు మీద అరచెయ్యి ఆనించి, లెన్ వచ్చి భుజం తట్టేదాకా లేవలేదు.